కాపో కాచ్చా మెట్ల మీదుగా నెప్ట్యూన్ గుహకు

మే 13, ఆల్గేరో

ఆల్గేరో కోటగోడ మీద నిలబడి వాయవ్యం వైపు చూస్తే, అఖాతానికి అవతలి ఒడ్డున ఒక పొడవైన కొండ సముద్రంలోకి చొచ్చుకుపోయి, చివర నిలువునా తెగి ముగుస్తుంది. ఆ కొండకొమ్ము పేరు కాపో కాచ్చా. నుదురు, ముక్కు, గడ్డం తేలి వెల్లకిలా పడుకున్న మనిషి ఆకారం అందులో కనిపిస్తుంది కనుక ఊరివాళ్ళు దాన్ని నిద్రపోతున్న మహాకాయుడు అంటారు. ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో వాయవ్య తీరాన ఉన్న ఈ ఊరికి మేము వచ్చింది, ఆ కొండ పాదంలో సముద్రమట్టానికి ఒక్క మీటరు పైన తెరుచుకొని ఉన్న నెప్ట్యూన్ గుహను చూడటానికి. తూరినోలో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలు ఎన్నాళ్ళుగానో రమ్మంటోంది. బొర్రా గుహలు మా విశాఖ వాళ్ళకు చిన్నప్పటి నుంచీ చుట్టాల ఇల్లంత పరిచయం కనుక, సున్నపురాయి గుహలోకి సముద్రం వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక నాకు బలంగా ఉండేది.

పాత ఊరు చిన్నది. పసుపు రాయితో కట్టిన బురుజులు, వాటి మధ్య గులకరాళ్ళు పరిచిన ఇరుకు సందులు, పై అంతస్తుల మధ్య తాళ్ళ మీద ఆరేసిన బట్టలు. వీధుల పేర్లు రెండు భాషల్లో ఉంటాయి: ఒకటి ఇటాలియన్, రెండోది కాటలాన్. దాని వెనుక కఠినమైన చరిత్ర ఉంది. జెనోవాకు చెందిన దోరియా వంశీయుల చేతిలో ఉన్న ఈ కోటను 1354లో అరగాన్ రాజు నాలుగవ పేరే పట్టుకున్నాడు. తిరుగుబాట్లతో విసిగి 1372లో పాత నివాసులను వెళ్ళగొట్టి, కాటలోనియా నుంచి మనుషులను తెచ్చి నింపాడు. ఆ వచ్చినవాళ్ళ భాష ఆరు వందల ఏళ్ళు దాటినా ఇక్కడ పూర్తిగా పోలేదు. మేము దిగిన ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన పెద్దావిడ, మాతో ఇటాలియన్‌లో మాట్లాడుతూనే పొరుగింటావిడ కిటికీలోంచి పలకరించగానే కాటలాన్‌లోకి మారిపోయేది. మనవలకు ఆ భాష అర్థమవుతుంది కానీ మాట్లాడరని ఆమె చెప్పినప్పుడు చెల్లెలు నా వైపు చూసింది. తూరినోలో పుట్టిన దాని కొడుక్కి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇటాలియన్‌లో ఇస్తాడు.

రాత్రి భోజనానికి ఏడున్నర కంటే ముందు వెళితే వంటగది తెరవరు. సముద్రం వైపు బురుజుల మీద ఉన్న భోజనశాలల్లో ధరలు ఎక్కువ. నాలుగు సందులు లోపలికి నడిచి, పలక మీద సుద్దతో రాసిన పట్టిక ఉన్న ఒక చిన్న చోట కూర్చున్నాం. ఫ్రేగొలా అనే గోధుమరవ్వ గుళికలను చిన్న ఆల్చిప్పలతో ఉడికించి పెట్టారు. గుళికలను ముందే వేయించడం వల్ల పులుసులో నానినా వాటికి ఒక పొగ వాసన, పంటికి తగిలే బిగువు మిగిలాయి. మనిషికి 16 యూరోలు. కూర్చున్నందుకు విడిగా మనిషికి రెండున్నర యూరోలు బిల్లులో వేశారు. ఇటలీలో చాలాచోట్ల ఉన్న ఆనవాయితీ ఇది, అందులోనే రొట్టె కూడా వస్తుంది. ఇక్కడి రొట్టె పానె కరసావు, అప్పడమంత పలచగా, విరిస్తే చిటుక్కుమనేది. గొర్రెల వెంట నెలల తరబడి తిరిగే కాపరులు చెడిపోకుండా మోసుకెళ్ళడానికి చేసుకున్న తిండి.

బిల్లు తెచ్చిన కుర్రాడు మేము గుహకు వెళ్తున్నామని విని, తల ఎత్తి ఆకాశం వైపు చూసి, రేపు మయెస్త్రాలే వీస్తుందని చెప్పాడు. వాయవ్యం నుంచి వచ్చే ఆ గాలి పేరు మిగతా రోజుల్లో చాలాసార్లు విన్నాం.

మే 14, పోర్తో కొంతె

పొద్దున్నే కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. యజమానురాలు టికెట్ల కార్యాలయానికి ఫోన్ చేసి, గుహ మూసేశారని చెప్పింది. చిత్రమేమిటంటే ఆల్గేరో రేవులో నీళ్ళు పెద్దగా కదలడం లేదు. గుహ నోరు మాత్రం కొండకొమ్ము పడమటి వైపున, గాలికి ఎదురుగా ఉంది. అలలు పెరిగితే నీళ్ళు నేరుగా ప్రవేశమార్గం మీదికే వస్తాయి. ఊరిలో ఎండ కాస్తున్నా అక్కడ ద్వారం తెరవకపోవడానికి కారణం అదే. బయలుదేరే ముందు కనుక్కోకుండా వచ్చి, కొండ మీద గొలుసు కట్టిన ద్వారం చూసి వెనక్కు పోయేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారట.

అద్దెకు తీసుకున్న చిన్న కారులో ఆ దారినే బయలుదేరాం. ఊరు దాటి పది కిలోమీటర్లు వెళ్ళాక రోడ్డు పక్కనే పాల్మావేరా నురాగే ఉంది. సార్డీనియాలో ఏడు వేల దాకా మిగిలి ఉన్న కంచుయుగపు రాతి బురుజుల్లో ఇది ఒకటి. క్రీస్తుకు దాదాపు 1,500 ఏళ్ళ ముందు మొదలుపెట్టి, తరువాతి శతాబ్దాల్లో రెండో బురుజు చేర్చి, చుట్టూ గుండ్రటి గుడిసెల పల్లె కట్టారు. సున్నం, మట్టి ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చి, పైకి పోయేకొద్దీ లోపలికి వంచుతూ గోపురంగా మూశారు. ఒక గుడిసె మిగతావాటికంటే పెద్దది. గోడ పొడవునా రాతి అరుగు, మధ్యలో నురాగే నమూనాగా చెక్కిన రాయి ఉన్నాయి. అది పెద్దలు సమావేశమైన చోటని భావిస్తున్నారు. అరుగు మీద కూర్చుంటే గాలి చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

అక్కడి నుంచి పోర్తో కొంతె అఖాతం. మూడు వైపులా కొండలు కాపలా కాసే ఈ నీటిని ప్రాచీన భూగోళవేత్త టాలమీ అప్సరసల రేవుగా నమోదు చేశాడు. కొండకొమ్ముకు పోయే దారిలో ఒక మలుపు దగ్గర సూచిక పొదల్లో కలిసిపోవడంతో ఎడమకు తిరిగి, త్రమరీల్యో అనే చోటికి చేరాం. పైన్ చెట్ల మధ్య పొడవాటి పసుపు భవనం. లోపల ఉన్న యువతి ఎంతో ఓపికగా ఇదంతా ఒకప్పుడు చెరసాల అని చెప్పింది. ఖైదీలతో పొలం పనులు చేయించిన ఆ స్థావరం 1961లో మూతపడింది. ఇప్పుడు అది పోర్తో కొంతె ప్రాంతీయ వనం కార్యాలయం. ఖైదీలు ఇంటికి రాసిన ఉత్తరాల్లో అధికారులు ఆపేసినవి కొన్ని అక్కడ ప్రదర్శించారు. చెల్లెలు ఒకటి రెండు చదివి తెలుగులో చెప్పింది. అన్నిటిలోనూ అదే: అమ్మ ఆరోగ్యం ఎలా ఉంది, ఎవరైనా చూడటానికి రాగలరా.

మధ్యాహ్నానికి కొండ పైకి చేరాం. ఫొరదాదా ద్వీపానికి ఎదురుగా, నిలబడి సముద్రాన్ని చూడటానికి రాతి గోడ కట్టిన ఒక చోటు ఉంది. అక్కడ కారు తలుపు తెరవడానికి బలం ఉపయోగించాల్సి వచ్చింది. వంద మీటర్లకు పైగా కింద అల వచ్చి కొండను తాకి, తెల్లగా లేచి, ఆ తుంపర మా ముఖాల దాకా వచ్చింది. పెదవులు ఉప్పగా అయ్యాయి. ఆ గాలిలోనే కొండ పావురాలు రాతి పగుళ్ళలోకి దూసుకుపోతున్నాయి. గుహ మూసినందుకు ఉదయం కలిగిన నిరాశ ఆ గోడ దగ్గర పోయింది. ఈ సముద్రం ఏం చేయగలదో ముందు చూసి, తరువాత అది చెక్కిన గుహలోకి దిగడమే సరైన వరుస అని నాకు అనిపించింది.

మే 15, పగడాల ఊరు

గాలి తగ్గింది కానీ అలలు ఇంకా పడలేదు. ఆ రోజంతా ఊరిలోనే గడిపాం. ఆల్గేరో నగర చిహ్నంలోనే ఎర్ర పగడపు కొమ్మ ఉంది. ఈ తీరాన్ని పగడాల తీరమని పిలుస్తారు. 20వ శతాబ్దపు తొలి భాగంలో కట్టిన ఒక అందమైన భవంతిలో పగడాల ప్రదర్శనశాల పెట్టారు. పగడం రాయి కాదు, సముద్రపు లోతుల్లో చీకటి రాళ్ళకు అంటుకొని పెరిగే చిన్న జీవుల అస్థిపంజరమని, ఎర్ర పగడం ఏడాదికి మిల్లీమీటరు కూడా లావెక్కదని అక్కడ చూపిస్తారు. పాతకాలపు పడవలు ఒక బరువైన కొయ్య శిలువకు వలలు కట్టి సముద్రపు అడుగున ఈడ్చేవి. అది పగడాన్ని ఎంత తెచ్చేదో అంతకంటే ఎక్కువ నాశనం చేసేది. ఇప్పుడు ఆ పద్ధతి నిషిద్ధం. అనుమతి పొందిన కొద్దిమంది గజ ఈతగాళ్ళు మాత్రమే బాగా లోతుకు దిగి, ఎదిగిన కొమ్మలను చేత్తో కోస్తారు.

తెలుగువాళ్ళకు ఈ ఊరితో ఉన్న బంధుత్వం ఇక్కడే ఉంది. మా అమ్మ మంగళసూత్రాల పక్కన నల్లపూసల మధ్య రెండు పగడాలు ఉండేవి. అవి ఎక్కడివో ఎవరమూ అడగలేదు. పగడం మన రేవులకు కొత్త సరుకు కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవు వర్తకులకు ఇచ్చిన అభయశాసనంలో సుంకం కట్టవలసిన వస్తువుల జాబితాలో కర్పూరం, ఏనుగు దంతం, పట్టుదారంతో పాటు పగడం ఉంది. తరువాత 17, 18 శతాబ్దాల్లో మధ్యధరా సముద్రపు ఎర్ర పగడం లివోర్నో, లండన్ వర్తకుల చేతుల మీదుగా గోవాకూ మద్రాసుకూ చేరేది. బదులుగా గోల్కొండ గనుల నుంచి వచ్చిన వజ్రాలు యూరప్‌కు వెళ్ళేవి. కృష్ణాతీరపు గనుల్లో తవ్వినవాళ్ళకు ఆల్గేరో పేరు తెలియదు, ఇక్కడ పగడం ఏరినవాళ్ళకు కొల్లూరు పేరు తెలియదు.

ఈ మాట ఒక దుకాణంలో పనిచేస్తున్న వృద్ధ స్వర్ణకారుడికి చెల్లెలు అనువదించి చెప్పింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, భారతదేశంలో పెళ్ళయిన స్త్రీలు దీన్ని ధరిస్తారా అని రెండుసార్లు అడిగాడు. తరువాత మాకు కొనే ఉద్దేశం ఉందో లేదో చూడకుండానే, అసలు పగడం మీద వేలిగోరుకు తెలిసే సన్నటి నిలువు గీతలు ఎలా ఉంటాయో, రంగు వేసిన వెదురు పగడం లోపల ఎలా పాలిపోయి ఉంటుందో, భూతద్దం ఇచ్చి చూపించాడు. ఇక్కడ దుకాణంలోకి అడుగు పెట్టగానే ముందు నమస్కారం చెప్పాలి. నేరుగా వస్తువు ధర అడగడం అమర్యాద. బేరం ఆడరు. చిన్న పూసల దండ 180 యూరోలు. నేను రెండు విడి పూసలు మాత్రం కొన్నాను, 24 యూరోలు.

మధ్యాహ్నం ఒంటిగంటకు దుకాణాలన్నీ మూసేసి, నాలుగున్నరకు కానీ తెరవరు. ఆ సమయంలో ఆకలితో తిరుగుతూ ఒక సందు చివర కట్టెల పొయ్యి వాసన పట్టుకొని వెళ్ళాం. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె కలిపి, వెడల్పాటి గుండ్రటి పళ్ళెంలో పోసి పొయ్యిలో కాల్చే ఫైనే అది, పొరుగున ఉన్న సాస్సరి నగరపు ప్రియమైన తిండి. అంచు కరకరలాడుతూ, నడుమ మెత్తగా, పైన మిరియాల పొడి. ఉల్లిపాయ వేసింది తిన్నాక, "అక్కా, ఇందులో రెండు పచ్చిమిరపకాయలు, కాస్త వాము పడితే మన పిన్ని చేసే శనగపిండి అట్టే కదా" అంది చెల్లెలు. నిజమే, కానీ ఆలివ్ నూనె వాసన దాన్ని పూర్తిగా ఈ నేలకు కట్టేసింది. ఇద్దరికీ కలిపి 11 యూరోలు. యాత్ర మొత్తంలో ఇంత చవకగా, ఇంత తృప్తిగా మరెక్కడా తినలేదు.

మే 16, మెట్లు, గుహ

ఉదయం సముద్రం చదునుగా ఉంది. యజమానురాలు కాఫీ పోస్తూనే గుహ తెరిచారని చెప్పింది.

గుహకు రెండు దారులు. ఆల్గేరో రేవు నుంచి పడవ ఒకటి, కొండపై నుంచి మెట్లు రెండోది. నేను మెట్లే కావాలన్నాను, అందుకని బస్సులో కొండ పైకి వెళ్ళాం. 1954లో ఈ మెట్లు కట్టేదాకా గుహకు సముద్రం తప్ప వేరే మార్గమే లేదు. 18వ శతాబ్దంలో దీన్ని కనుగొన్నది జాలర్లని చెబుతారు. 19వ శతాబ్దంలో సార్డీనియా రాజు కార్లో అల్బెర్తో కూడా పడవలోనే వచ్చి చూశాడు. నిలువు కొండకు ఆనుకొని, 110 మీటర్ల ఎత్తు నుంచి వంకర్లు తిరుగుతూ దిగే ఆ 654 మెట్ల దారికి ఎస్కాలా దెల్ కబిరోల్ అని కాటలాన్‌లోనే పేరు పెట్టారు.

మొదటి వంద మెట్లు దిగేసరికే పైనున్న కార్లు, మనుషుల చప్పుడు పోయింది. ఎడమ చేతికి కొండ, కుడి చేతికి నడుము ఎత్తు పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. కొండ రాయి దగ్గర నుంచి చూస్తే తెల్లగా కాదు, బూడిద, గులాబి, తుప్పు రంగుల పొరలుగా ఉంది. డైనోసార్ల కాలంలో వెచ్చని నిస్సార సముద్రపు అడుగున పేరుకున్న గవ్వల సున్నం ఇది. పగుళ్ళలో రోజ్‌మేరీ పొదలు, ముళ్ళతో గుండ్రంగా పెరిగే ఒక మొక్క. ఆ ముళ్ళ మొక్క సార్డీనియా ఉత్తర తీరంలో కొన్ని చోట్ల తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగదని దారిలో పలకపై ఉంది. దిగుతున్నకొద్దీ నీటి రంగు మారింది. పైనుంచి ముదురు నీలంగా ఉన్నది, సగం దారిలో ఆకుపచ్చ కలిసి, కింద అడుగు రాళ్ళు లెక్కపెట్టగలిగేంత తేటగా అయింది. ఎదురుగా పైకి వస్తున్న ఒక జర్మన్ దంపతులు ప్రతి మలుపు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ, దిగేవాళ్ళందరికీ చిరునవ్వుతో దారి ఇచ్చారు. ఎక్కేవాళ్ళకు గోడ వైపు వదలడం ఇక్కడి మర్యాద.

చివరి మలుపు తిరిగాక మెట్లు నీటి అంచునే నడుస్తాయి. అక్కడ ద్వారం, టికెట్ల గది. గంటకొక బృందాన్ని మార్గదర్శితో లోపలికి పంపుతారు. మా బృందానికి వచ్చిన అమ్మాయి ముందుగా చెప్పిన మాటలు రెండే: దారి విడవకండి, దేన్నీ తాకకండి.

లోపలికి అడుగు పెట్టగానే కుడివైపు సరస్సు. లా మార్మొరా సరస్సు అంటారు దాన్ని, ఈ ద్వీపాన్ని కొలిచి పటం గీసిన 19వ శతాబ్దపు సైనికాధికారి, భూగోళవేత్త అల్బెర్తో లా మార్మొరా పేరు మీద. సార్డీనియాలో అతి ఎత్తైన, 1,834 మీటర్ల శిఖరానికి కూడా ఆయన పేరే. సరస్సు పొడవు 120 మీటర్ల దాకా ఉంటుంది. రాతి కిందుగా సముద్రంతో కలిసి ఉన్నందువల్ల నీరు ఉప్పు నీరే, మట్టం సముద్రమట్టమే. కానీ బయటి అల ఇక్కడికి చేరదు. దీపాల వెలుగులో ఆ నీరు ఎంత కదలకుండా ఉందంటే, పైకప్పు నుంచి వేలాడే స్టాలక్టైట్లు అనే సున్నపు ఊడలు, నీటిలో కనిపించే వాటి నీడలు ఎక్కడ కలుస్తున్నాయో కాసేపు తెలియలేదు.

తరువాత కళ్ళు అలవాటు పడ్డాక, నేను అప్పటిదాకా ఏ గుహలోనూ చూడనిది కనిపించింది. కొన్ని స్తంభాలు నీటి అంచు దగ్గర ఆగలేదు. నేరుగా సరస్సు లోపలికి, దీపం కాంతి అందినంత లోతుకు దిగిపోయాయి. ఇది ఆలోచించవలసిన విషయం. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాయిని కరిగిస్తుంది. ఆ నీరు గుహ కప్పు నుంచి బొట్టుగా వేలాడినప్పుడు వాయువు గాలిలోకి పోయి, సున్నం వెనుక మిగులుతుంది. అంటే స్టాలక్టైట్ గాలిలోనే పెరగగలదు, నీటిలో పెరగలేదు. నీటి కింద స్తంభం ఉందంటే ఒకప్పుడు అక్కడ నీరు లేదన్నమాట. దాదాపు 20,000 ఏళ్ళ క్రితం, మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు భూమి మీది నీరు మంచుగా గడ్డకట్టి సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందికి దిగింది. ఆ కాలంలో ఈ గుహ ఒడ్డుకు దూరంగా పొడిగా ఉంది. బొట్టు బొట్టుగా ఈ స్తంభాలు పెరిగాయి. మంచు కరిగి సముద్రం తిరిగి వచ్చినప్పుడు అవి మునిగిపోయాయి. బొర్రాలో గోస్తనీ, బేలంలో భూగర్భజలం చేసిన పనిని ఇక్కడ వాన మొదలుపెడితే, సముద్రం మధ్యలో వచ్చి ఆపింది. నేను ఇంత దూరం వచ్చింది ఇది చూడటానికేనని ఆ నీటి అంచున నిలబడ్డప్పుడు తెలిసింది.

మార్గదర్శి ఒక్కో గదికి ఒక్కో పేరు చెబుతూ నడిపింది. సరస్సులో రెండు మీటర్ల ఎత్తున ఒక స్టాలగ్మైట్, అంటే కింది నుంచి పైకి పెరిగిన సున్నపు దిమ్మ, దాని తల మీద సహజంగా ఏర్పడిన చిన్న దొన్నెల్లో మంచినీళ్ళు. చర్చిలో పవిత్రజలం ఉంచే పాత్ర పేరు దానికి పెట్టారు. పక్షులు వచ్చి ఆ నీళ్ళు తాగుతాయట. తరువాత పైకప్పు ఎత్తుగా లేచిన రాజప్రాసాదపు గది, అక్కడ తొమ్మిది మీటర్ల స్తంభాలు. ఆ పక్కన 1820ల్లో సార్డీనియా తీరాన్ని సర్వే చేసిన ఇంగ్లీషు నౌకాధికారి పేరు మీద స్మిత్ గది, దాని నడుమ అన్నిటికంటే లావైన స్తంభం. దాన్ని చర్చిలోని పెద్ద ఆర్గన్ వాద్యం అంటారు. గుహ మొత్తం కిలోమీటర్ల కొద్దీ కొండలోపలికి పోతుంది, సందర్శకులకు తెరిచింది కొన్ని వందల మీటర్లే. చివర సరస్సుకు అవతలి ఒడ్డున గులకరాళ్ళ చిన్న తీరం. ఒకప్పుడు మధ్యధరా సన్యాసి సీళ్ళు అనే సముద్రజంతువులు అక్కడ ఆశ్రయం తీసుకునేవి. ఇప్పుడు లేవు.

నాకు ఎక్కువగా గుర్తుండిపోయినది ఒక చిన్న సంఘటన. మా ముందు నడుస్తున్న పదేళ్ళ బాబు, దారి పక్కన మెరుస్తున్న ఒక స్టాలగ్మైట్ మీద చేయి వేయబోయాడు. మార్గదర్శి అరవలేదు. వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, చేతిలోని టార్చి దీపం ఆ రాతి మీద వేసి, పైభాగం తెల్లగా, మనుషుల చేతులు అందే ఎత్తులో మాత్రం నల్లగా ఉండటం చూపించింది. అరచేతి జిడ్డు ఒక్కసారి అంటితే దాని మీద సున్నం పట్టదు, అక్కడితో అది పెరగడం ఆగిపోతుందని చెప్పింది. తరువాత ఒక దీపం చుట్టూ రాతి మీద పట్టిన పచ్చటి నాచు చూపించింది. చీకట్లో ఉండవలసిన గుహలో దీపం పెట్టినందుకే ఆ నాచు వచ్చింది. అందుకే బృందం దాటగానే వెనుక దీపాలు ఆర్పేస్తారు. వాడు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకొని చివరిదాకా అలాగే నడిచాడు. బొర్రాలో స్తంభాల మీద చెక్కిన పేర్లు, తడిమి తడిమి నునుపెక్కిన రాళ్ళు నాకు గుర్తొచ్చి మనసు కష్టపడింది. మన దగ్గర కూడా ఇరవై మందికి ఒక మనిషి వెంట నడిచి, ఇలా కూర్చొని చెప్పగలిగితే పిల్లలు వింటారు. వినరనుకోవడం పెద్దల సోమరితనం.

తిరిగి ఎక్కడం కష్టమే. ఎండ నడినెత్తికి వచ్చింది, మెట్ల మీద నీడ లేదు, తాగడానికి దారిలో ఏమీ దొరకదు. "తొందరేమీ లేదక్కా, బస్సు ఇంకా గంటకు గానీ కదలదు" అంటూ చెల్లెలు ప్రతి యాభై మెట్లకూ నన్ను పిట్టగోడ మీద కూర్చోబెట్టింది. అలా కూర్చున్నప్పుడే ఒక డేగ మా కళ్ళ ఎత్తులో, గాలి మీద కదలకుండా నిలిచి, ఒక్కసారిగా కిందికి పడి పావురాల గుంపును చెదరగొట్టడం చూశాం. పైన చిన్న కాఫీ దుకాణంలో నిమ్మరసం సీసా నాలుగు యూరోలు. అడిగినంత ఇచ్చాం.

సాయంత్రం సెయాదాస్ తిన్నాం: తాజా గొర్రెపాల జున్నును పిండి పొరల మధ్య పెట్టి, నూనెలో వేయించి, వేడి వేడి తేనె పోసి ఇస్తారు. జున్ను పులుపు, తేనెలోని చిరుచేదు రెండూ నాలుకకు తెలుస్తాయి. మొత్తంగా తీపి అని చెప్పలేను, కారం కాదు, అయినా ఇంకొకటి తెప్పించుకున్నాం.

మే 17, సముద్రం మీద నుంచి

చివరి ఉదయం పడవ ఎక్కాం, గుహకోసం కాదు, దిగిన కొండను ఎదుట నుంచి చూడటానికి. పోర్తో కొంతె ముఖద్వారం దాటి కొండకొమ్ము చుట్టూ తిరిగేసరికి, మేము నిన్న దిగిన మెట్లు తెల్లటి గీతగా కనిపించాయి. కొండ కొన మీద 186 మీటర్ల ఎత్తున దీపస్తంభం ఉంది. ఇటలీలో అత్యంత ఎత్తున వెలిగేవాటిలో అది ఒకటి. పడవ నడిపే మధ్యవయస్కుడు ఇంజన్ వేగం తగ్గించి, నీటికి నాలుగైదు మీటర్ల పైన కొండ పొడవునా తిన్నగా గాడి తీసినట్టు ఉన్న ఒక పల్లాన్ని వేలుతో చూపించాడు. సుమారు 1,25,000 ఏళ్ళ క్రితం భూమి ఇప్పటికంటే వెచ్చగా, సముద్రం అంత ఎత్తున ఉన్నప్పుడు నీరు తొలిచిన చారిక అది. గుహలో మునిగిన స్తంభాలు సముద్రం తగ్గిన కాలానికి సాక్ష్యం, ఈ గాడి పెరిగిన కాలానికి సాక్ష్యం. రెండూ ఒకే కొండకు ఉన్నాయి. 2002 నుంచి ఈ నీళ్ళు రక్షిత సముద్ర ప్రాంతం, లంగరు వేయడానికీ చేపలు పట్టడానికీ హద్దులు ఉన్నాయి. నీటి కింద ఇంకో గుహ ఉందని, దాన్ని చూడటానికి యూరప్ నలుమూలల నుంచి ఈతగాళ్ళు వస్తారని, తాను మాత్రం ఎప్పుడూ నీటి పైనే ఉన్నానని ఆయన చెప్పాడు.

వెళ్ళాలనుకునే తెలుగువాళ్ళ కోసం కొన్ని మాటలు. పడవ ఛార్జీ, గుహ టికెట్ వేరువేరుగా కట్టాలి. పడవలో వెళితే ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. బస్సు ఆల్గేరో నుంచి సుమారు 50 నిమిషాలు పడుతుంది, దూరం 24 కిలోమీటర్లు. వేసవి కాని నెలల్లో బస్సులు బాగా తక్కువ కనుక తిరిగివచ్చే సమయం ముందే చూసుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవాళ్ళు పడవ ఎక్కించడమే మేలు. గుహ లోపల కూడా మెట్లు, తడి నేల ఉంటాయి, పట్టు ఉన్న చెప్పులు కావాలి. నడవగలిగినవాళ్ళు మాత్రం మెట్ల దారినే వెళ్ళండి. తలా ఒక లీటరు నీళ్ళు, టోపీ తీసుకోండి. ఒక్క రోజుకే ఆల్గేరో రాకండి. మయెస్త్రాలే ఎప్పుడు వీస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు కనుక కనీసం రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి. గుహ మూసిన రోజున పాల్మావేరా, త్రమరీల్యో, సందు చివరి ఫైనే పొయ్యి ఉన్నాయి.